ఎడమచేతి ముడి

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. కరెంటు పోతే ఫ్యూజు చూడాలి, కంప్యూటర్ ఆగితే వైరు చూడాలి. నాకు తెలిసిన లోకం అంతే. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేది విని చాలామంది నవ్వారు. నవ్వనివ్వండి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల హోరు నడుస్తున్న రోజులవి. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో ల్యాబ్ ఇన్‌చార్జిగా ఉండేవాణ్ణి. ఇన్‌చార్జి అనేది పేరుకే. కేబుళ్లు లాగడం, మౌసులు మార్చడం, ఏసీ కారుతుంటే కింద బకెట్ పెట్టడం నా పని. నా ల్యాబులో కూర్చున్న కుర్రాళ్లు ఆర్నెల్లకు మెడలో కంపెనీ ట్యాగుతో వచ్చి స్వీట్లు పంచేవారు. తిని, చేతులు తుడుచుకుని, మళ్లీ కేబుల్ లాగేవాణ్ణి.

మా వాడు వంశీకి అప్పుడు పదేళ్లు. ఆ వేసవిలో పంజాగుట్టలో ఒక స్కూలు గ్రౌండులో పిల్లల సమ్మర్ క్యాంపు పెట్టారు. ఆఖరి రోజు తండ్రో తల్లో వచ్చి పిల్లలతో కలిసి రాత్రంతా గుడారంలో ఉండాలి. వాడు నింపిన ఫారం చూశాను. తండ్రి వృత్తి దగ్గర "సాఫ్ట్‌వేర్ ఇంజనీర్" అని రాశాడు. తిడదామనుకున్నాను. కానీ ఏ మొహం పెట్టుకుని తిట్టను? మా నాయిన గురించి ఎవరడిగినా "రైస్ మిల్లులో బిజినెస్" అని ఏళ్ల తరబడి చెప్పుకుంటున్నవాణ్ణి నేనే.

మా నాయిన సూర్యాపేటలో మిల్లు హమాలీ. బస్తాలు ఎక్కించాక లారీ మీద మోకు బిగించే పని ఆయనదే. ఎడమచేతి వాటం. ఆయన వేసిన ముడి ఎంత దూరం పోయినా వదులయ్యేది కాదు. దించేటప్పుడు మాత్రం కొస పట్టి ఒక్క గుంజు గుంజితే ఊడి వచ్చేది. తోటి హమాలీలకు నేర్పాడు గానీ నాకు నేర్పలేదు. తాడు ముట్టుకుంటే చేతి మీద కొట్టేవాడు. "పెన్ను పట్టు సారూ, తాడుతోటి నీకేం పని" అనేవాడు. నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తే లేదు, ఎప్పుడూ సారూ అనే. వంశీ పుట్టకముందే, నా పెళ్లి కూడా కాకముందే పోయాడు.

క్యాంపులో ఒక పోటీ ఉంది. ఇంటికొక టార్పాలిన్, రెండు వెదురు కర్రలు, నాలుగు తాళ్లు, నాలుగు ఇనుప మేకులు ఇస్తారు. తెల్లారేదాకా ఎవరి గుడారం గట్టిగా నిలబడితే వాళ్లు పొద్దున్నే జెండా ఎగరేస్తారు. వారం నుంచి వంశీ నోట ఆ జెండా మాటే.

ముడుల బొమ్మలున్న కాగితాలు నాలుగు ముందే ఇచ్చారు. అమీర్‌పేటలో మెటీరియల్ జిరాక్సు తీయకుండా ఏ చదువూ మొదలవదు కదా, అలవాటు కొద్దీ నేనూ తీయించాను. జేబులో పడుతుందని నాలుగింటినీ కుదించి ఒక్క పేజీ చేయించాను. ఇంటికొచ్చి చూస్తే ఏ తాడు పైనుంచి పోతోందో, ఏది కిందనుంచో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. అసలు కాగితాలు జిరాక్సు షాపులోనే మర్చిపోయాను.

ఇక గ్రౌండులో నా అవస్థ చూడాలి. కట్టిన ముడి కట్టినట్టే జారిపోతోంది. పక్క గుడారం ఆయన బంజారా హిల్స్ నుంచి వచ్చాడు. "మీదే కంపెనీ సార్?" అని మర్యాదగానే అడిగాడు. వంశీ నా వైపు చూశాడు. "ఇక్కడే, అమీర్‌పేటలో" అని నసిగాను. క్యాంపు నడిపే యాదగిరి సార్ ముసలాయన, స్కౌట్ మాస్టర్‌గా చేసి రిటైరైనవాడు. వచ్చి మా తాడు ఊపి చూశాడు.

"గిది ముడి కాదన్నా, షూ లేసు. జర గట్టిగ కట్టున్రి" అన్నాడు.

చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. "పో డాడీ, నీకేం రాదు" అన్నాడు వంశీ. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

ఆరింటికి భోజనం గిన్నెలు మోయడానికి తండ్రులందర్నీ స్కూలు వెనక వంటగదికి పిలిచారు. మేం లోపలికి వెళ్లామో లేదో, ఎర్రమంజిల్ వైపు నుంచి గాలిదుమారం లేచింది. కరెంటు పోయింది. పైరేకులు ఎగురుతున్నాయని వాచ్‌మన్ షట్టర్ దించేశాడు. బయట ఏదో కొమ్మ విరిగిన చప్పుడు, వెంటనే వాన. "మా వాడు బయటున్నడు, తియ్యన్నా!" అని షట్టర్ మీద బాదుతూనే ఉన్నాను. పావుగంట ఎవరూ తీయలేదు. అంత భయం జన్మలో ఎరగను.

షట్టర్ లేవగానే పరుగెత్తాను. పిల్లలంతా యాదగిరి సార్‌తో వరండాలో ఉన్నారు, వంశీ తప్ప. ఆ దుమ్ములో వాడు తప్పిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు. గ్రౌండు నిండా టార్పాలిన్లే. ఒకటి గోడ మీద, ఒకటి బాస్కెట్‌బాల్ కడ్డీకి. ఒక్కటే ఒక్క గుడారం నిలబడి ఉంది. మాది. లోపల వంశీ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, చొక్కా మీద చుక్క తడి లేదు.

"చూసినవా డాడీ! మనదొక్కటే!"

వాణ్ణి గుండెకు హత్తుకున్నాను. ఆ తర్వాత తాళ్లు చూశాను. నాలుగు మేకులు, నాలుగు ముడులు. ఒక్కటీ నేను వేసింది కాదు. ఎవరు వేసే ముడో చూడగానే తెలిసిపోయింది. ఆ బురదలోనే కూర్చుని ఒక్కో ముడినీ తడిమి చూశాను.

పొద్దున యాదగిరి సార్ మైకు పట్టుకునే వచ్చి, వంగి చూసి ఆశ్చర్యపోయాడు. "ఎడమచేతోడు ఏసిన ముడి గిది. లారీలోళ్లు ఏస్తుండె. ఎవరు నేర్పిన్రన్నా?"

మేమిద్దరం కుడిచేతివాళ్లమే. అయినా మైకు అందుకున్నాను. "మా నాయినది గీ ముడి. సూర్యాపేట మిల్లుల హమాలీ. లారీలకు మోకు కట్టెటోడు" అన్నాను. ఎన్నేళ్లుగా మింగిన మాట, మా ఇంటి యాసలోనే బయటికొచ్చింది. యాదగిరి సార్ చప్పట్లు కొట్టాడు. బంజారా హిల్స్ ఆయన ఇంకా గట్టిగా కొట్టాడు. వంశీ నన్నొకసారి చూసి మైకు లాక్కున్నాడు. "మా డాడీ సాఫ్ట్‌వేర్ కాదు. ల్యాబ్ ఇన్‌చార్జి. కంప్యూటర్లన్నీ ఆయనే నడిపిస్తడు!" అని అరిచాడు. గ్రౌండు దద్దరిల్లింది. వాడు జెండా తాడు లాగితే పూలు రాలాయి. అందరి ముందూ ఏడ్చాను, సిగ్గేమీ అనిపించలేదు.

గుడారం విప్పబోతే ముడులు ఎవరికీ ఊడలేదు, కొస పట్టి గుంజి చూసిన నాకు కూడా. యాదగిరి సార్ కత్తి తెమ్మన్నాడు. ఈలోపు వంశీ ఎడమచేత్తో ఒక్కో కొస పట్టి ఒక్కో గుంజు గుంజాడు. నాలుగూ ఊడాయి.

అమీర్‌పేటకు నడిచి వస్తూ అడిగాను. "అట్ల గుంజాలని ఎవరు చెప్పిన్రు రా?"

"నువ్వే కదా! గాలి లేవంగనే వచ్చినవ్, నెత్తికి తువ్వాల చుట్టుకొని. నాలుగు ముడులు మళ్ల ఏసినవ్. ఆఖరుది నాతోటి ఏపిచ్చినవ్."

"మొహం చూసినవా?"

"కండ్లల్ల దుమ్ము డాడీ, ఏం కనబడుతది? గానీ నన్ను సారూ అన్నవేంది? 'తాడు పట్టు సారూ' అన్నవ్."

వాడి చెయ్యి పట్టుకుని వెనక్కి గ్రౌండుకే వెళ్లాను. నా దగ్గర తువ్వాల లేదు. షట్టర్ వెనక నాతోపాటు ఉన్నవాళ్లు సాక్ష్యం. గేటుకు తాళం వేసే ఉందని, బయటివాళ్లెవరూ రాలేదని వాచ్‌మన్ ఒట్టేసి చెప్పాడు. ఇక సారూ అనే పిలుపు మా ఆవిడకు కూడా తెలియదు. చెబితే హమాలీ పని సంగతీ చెప్పాల్సి వస్తుందని ఎవరికీ చెప్పలేదు.

ఏళ్లు గడిచాయి. ఫ్యూజూ చూశాను, వైరూ చూశాను, ఇదెలా జరిగిందో నాకు ఈ రోజుకీ అంతు పట్టలేదు. ఆ తాళ్లు అడిగి తెచ్చుకుని ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ ముడి నాకు రాదు. మా వాడు కళ్లు మూసుకుని వేస్తాడు.