సావోపాలోకు ఐదు రోజుల ఐస్

పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో డిస్పాచ్ చూడబట్టి పన్నెండేళ్లయింది. నేను ఇంతవరకు విమానం ఎక్కలేదు. కానీ మా గేటు దాటిన డబ్బా ఏ ఊళ్లో ఎప్పుడు దిగుతుందో అడిగితే తడుముకోకుండా చెబుతాను.

పోయిన ఎండాకాలం బ్రెజిల్‌లోని సావోపాలోకు మందు శాంపిళ్లు పంపాల్సి వచ్చింది. అవి దారి పొడవునా గడ్డకట్టే చలిలోనే ఉండాలి. అందుకు డబ్బాలో డ్రై ఐస్ నింపుతాం. అది నీళ్లుగా కరగదు, పొగలా ఆవిరైపోతుంది. మొత్తం పోయిందంటే మందు పాడైనట్టే.

కొత్తగా వచ్చిన మేనేజర్ నా టేబుల్ దగ్గరికి వచ్చి ఫోన్ చూపించాడు. వాళ్ల నాన్న ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి రామచంద్రాపురంలో స్థిరపడ్డాడు. కొడుకు ఇక్కడే పుట్టినా ఆ మాట తీరు పోలేదు.

"చూడండి మేడం, శంషాబాద్ నుంచి సావోపాలోకి పద్నాలుగు వేల కిలోమీటర్లు. పద్దెనిమిది గంటలేనట. రెండు రోజుల ఐస్ చాలదూ?"

"గది ఆగకుండ పోతే సార్. గట్ల పోయే విమానం యాడుంది?"

ఆయన మళ్లీ ఫోన్ వైపు చూశాడు. నేను కాగితం తీసి రాయడం మొదలుపెట్టాను. శంషాబాద్ కార్గోలో విమానానికి చాలా ముందే అప్పగించాలి. గల్ఫ్‌లో దించి, రెండో విమానం వచ్చేదాకా ఉంచుతారు. ఆపైన సావోపాలోలో కస్టమ్స్ తనిఖీ. పైగా బుకింగ్‌లో వేసే దిగే సమయం సావోపాలో గడియారానిది. అది మనకన్నా ఎనిమిదిన్నర గంటలు వెనక, అందుకే ప్రయాణం చిన్నదిగా కనిపిస్తుంది. అన్నీ కలిపితే మూడున్నర రోజులు తేలింది.

"ఐదు రోజులకు ఏద్దాం సార్," అన్నాను.

"అయితే పెద్ద డబ్బా కావాలి, బుకింగ్ మార్చాలి. పైవాళ్లకేం చెప్పను?"

"గీ డబ్బాల ఐస్ ఏసి, వారం దినాలు పొద్దున, మాపున తూకం ఏసి సూసిన, దినానికెంత ఆవిరైతదో నాకెరుక. రెండు రోజుల ఐస్‌కైతే నేను సంతకం పెట్ట."

లెక్క రాసిన కాగితం ఆయన ముందుకు జరిపాను. ఆయన దాన్ని చదివి, "సరే, మార్పించండి," అన్నాడు.

డబ్బా వెళ్లిన మూడోనాడు ఆయనే ఫోన్ చేశాడు. "మేడం, రెండో విమానం రద్దయిందట. గల్ఫ్‌లోనే ఉంది. ఇంకో రోజు పడుతుందంటున్నారు."

"పరేషాన్ గాకుండ్రి సార్, ఆగుతది."

చెప్పడమైతే చెప్పాను. ఆ ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుని కూడా గంటలే లెక్కపెట్టుకున్నాను.

నాలుగున్నర రోజులకు సావోపాలోలో డబ్బా తెరిచి ఫొటో పంపారు. అడుగున తెల్లటి ముక్కలు ఇంకా గుప్పెడున్నాయి. లోపలి చలి ఎక్కడా తగ్గలేదని, డబ్బాలో పెట్టి పంపిన చలి కొలిచే యంత్రం గీసిన గీత చెప్పింది. మేనేజర్ ఆ గీతను ప్రింటు తీయించి, ప్యాకింగ్ గదిలో అందరి ముందు నా చేతిలో పెట్టాడు.

మరుసటి వారం నైజీరియాలోని లాగోస్‌కు పంపే ఆర్డర్ వచ్చింది. ఈసారి ఆయన ఫోన్ తీయలేదు. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, "ఎన్ని రోజులకి వేద్దాం, మేడం?" అన్నాడు.