కలిపిన తర్వాత ఎవరు చూశారు?

మా సార్ పోయారని ఫోన్ వచ్చేసరికి నేను ఒక టెస్టింగ్ రిపోర్టు మీద సంతకం పెడుతున్నాను. ఒకప్పుడు ఆ సంతకం ఆయనది. ఆయన పెట్టనన్నందుకే అది నా చేతికి వచ్చింది.

హసన్‌పర్తి దగ్గర, ఆసుపత్రులకు పరికరాలు జోడించి ఇచ్చే చిన్న కంపెనీ మాది. టెస్టింగ్ అంతా సార్ చూసేవారు. చిన్న రేడియో రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని, నడుస్తున్న యంత్రం చుట్టూ మెల్లగా తిరిగేవారు. అందులో గరగర ఎక్కడ పెరిగితే అక్కడ సుద్దముక్కతో గీత గీసేవారు. ఆయన చొక్కా జేబు ఎప్పుడూ సుద్ద పట్టి ఉండేది.

చేరిన కొత్తలో, "దీనికి సర్టిఫికెట్ ఉంది కదా సార్" అన్నాను.

"ఒక్కొక్కదానికున్నది బిడ్డా. రెండిట్ని కలిపినంక అది ఇంకొక మిషనైతది. దాన్నెవరు చూసిన్రు?"

కలిపే తీగే ఏరియల్‌లా మారి లోపలి కరెంటు రొదను గాలిలోకి వదులుతుందని, అది పక్క యంత్రాలను తికమక పెడుతుందని నాకు నేర్పింది ఆయనే.

మరిపెడలో ఒక నర్సింగ్ హోమ్‌కు సామాను వెళ్లాల్సి వచ్చింది. పడక దగ్గర ఆక్సిజన్ కొలిచే పెట్టె, నర్సుల బల్ల మీద తెర, మధ్యలో పొడవాటి తీగ. విడివిడిగా రెండూ పాసైనవే. కలిపి చూస్తే గరగర హద్దు దాటింది. తీగ మార్చి, హైదరాబాద్ ల్యాబ్‌లో మళ్లీ పరీక్ష చేయించాలన్నారు సార్.

"రెండిటికీ కాయితాలున్నయి గదా. మీకేం ఫికర్?" అన్నాడు మా యజమాని.

"పక్క పడక మీదున్నోళ్ల ఫికర్."

మర్నాడు ఆయన్ను స్టోర్ రూముకు మార్చారు. ఫైలు నా ముందుకు వచ్చింది. సంతకం పెట్టాను. మీ దగ్గర దాచడమెందుకు, నన్నెవరూ బలవంతం చేయలేదు.

అక్కడ బిగించిన రోజు నుంచే పక్క పడక మీది గుండె యంత్రం ఊరికే అలారం కొట్టేది. నర్సు పరుగెత్తుకొచ్చి చూస్తే ఏమీ ఉండేది కాదు. కొన్నాళ్లకు ఆమె పరుగు నడకైంది. ఒక మధ్యాహ్నం అలారం నిజంగానే మోగింది. ఆ పడక మీది ముసలమ్మ దక్కలేదు. తప్పు నర్సుదేనని మా కంపెనీ ఉత్తరం రాసింది. ఆమె ఉద్యోగం పోయింది.

సార్ రిసీవర్ పట్టుకుని మరిపెడకు బయలుదేరారు.

"వస్తవా?" అని నన్ను అడిగారు.

"ఇంట్లో పనుంది సార్" అన్నాను.

ఆయన ఒక్కరే వెళ్లారు. డాక్టరు ఎదుటే తీగ తగిలించి, తీసి చూపించారట. తీసినప్పుడల్లా అలారం ఆగిందట. నర్సును మళ్లీ పనిలోకి తీసుకున్నారు. మా కంపెనీ చడీచప్పుడు లేకుండా తీగలు మార్చి, సార్‌ను ఉద్యోగంలోంచి పంపించేసింది. ఆ తర్వాత ఆయన ధర్మసాగర్‌లో ఇంటి వరండాలో మిక్సీలు బాగుచేస్తూ బతికారు. ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు నేను.

ఫోన్ వచ్చాక వెళ్లాను. కంపెనీ నుంచి నేనొక్కదాన్నే. సార్ కాళ్ల దగ్గర, చాప మీద ఒకామె కూర్చుని ఉంది. మరిపెడ నర్సు ఆమేనని సార్ కూతురు చెప్పింది.

"సార్‌తోటి పనిజేసిన్రా అక్కా?" అని అడిగిందామె. తలూపాను.

"గా మిషన్ల కాయితం మీద సంతకం పెట్టింది ఎవరో మీకెరుకేనా? ఎన్నిసార్లడిగినా సార్ పేరు చెప్పలే."

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుపు ఆపుకుంటున్నాననుకుందేమో, కొంచెం పక్కకు జరిగి, చాప మీద నాకు చోటిచ్చింది.