బర్రెలను దాచిన శుక్రవారం

మొన్న మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందేసుకుని జర్మనీలో గది వెతుకుతోంది. అక్కడ చదువు మొదలయ్యేలోగా ఉండడానికి ఒక చోటు ఖాయం చేసుకోవాలట. వైఫై ఉందా, బట్టలుతికే మెషీన్ ఉందా, కాలేజీకి ఎన్ని నిమిషాలు అంటూ ఒక్కో గడిలో టిక్కు పెడుతూ పోతే, వందల గదులు తగ్గి తగ్గి చివరికి ఆరు మిగిలాయి. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న నేను, "కింద ఎవరుంటరే?" అని అడిగాను. "ఆ ఆప్షన్ లేదమ్మా," అంది తెర మీది నుంచి కళ్లు తీయకుండా. నాకు నవ్వొచ్చింది. పన్నెండేళ్ల కిందట ఇదే ఇంట్లో, వేరే దేశం నుంచి చదువుకోడానికి వచ్చిన ఒక పిల్లకు గది చూపించడానికి మేం పడ్డ పాట్లు గుర్తొచ్చాయి.

మాది ఫలక్‌నుమా స్టేషన్ వెనక సందు. కింద మేము, ఇంటి వెనక కొట్టంలో మా అత్తమ్మ నాలుగు బర్రెలు, మేడ మీద ఒక గది. ఆ గదికి గాలి బాగా వచ్చేది. వచ్చిన చిక్కల్లా ఆ గాలి కొట్టం మీదుగా రావడమే. కిరాయికి దిగినవాళ్లు మొదటి వారం పాలు ఎంత చిక్కగా ఉన్నాయో అని మెచ్చుకునేవాళ్లు, రెండో వారం సామాను సర్దుకునేవాళ్లు. అత్తమ్మకు మాత్రం కోపం వాళ్ల మీదే. "పాలు గావాలె, పేడ వాసన వద్దంటె ఎట్ల?" అనేది.

మా దగ్గర పాలు పోయించుకునే ఒక టీచరమ్మ ఆ పిల్లను తీసుకొచ్చింది. సూడాన్ నుంచి డిగ్రీ చదవడానికి వచ్చిందట. మనిషి పొడుగు, మాట మెల్లగా. మలక్‌పేటలో తమ దేశపు అమ్మాయిల గదిలో నేల మీద పడుకుంటూ ఇల్లు వెతుకుతోంది. ఎక్కడ టులెట్ బోర్డు చూసి వెళ్లినా, ఆమె ముఖం చూడగానే "నిన్ననే ఇచ్చేసినం" అనేవారట, బోర్డు మాత్రం అట్లాగే వేలాడుతూ ఉండేదట. ఆ మాట వింటుంటే నాకు సిగ్గేసింది. మా గది ఆమెకు నచ్చింది. బర్రెలు కూడా నచ్చాయి. కానీ వాళ్లమ్మ ఒప్పుకోవాలి. ఆ వారంలో మంచి ఇల్లు దొరక్కపోతే తిరుగు టికెట్ తీస్తానని ఆవిడ తేల్చి చెప్పిందట. ఆవిడ బడిలో పెద్ద పంతులమ్మ, ఇంట్లోకి పిల్లి దూరినా ఇల్లంతా కడిగించే మనిషి. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వీడియోలో గది చూస్తానందట. ఈ బర్రెలు కనబడితే తన చదువు అంతటితో సరి అని, బజారులో నేర్చుకున్న ఉర్దూలో చెబుతూనే ఆ పిల్ల కళ్లలో నీళ్లు పెట్టుకుంది.

"ఫికర్ నక్కో బేటీ," అంది అత్తమ్మ.

శుక్రవారం అన్నాలు తినగానే నాలుగు బర్రెలనూ రెండు సందుల అవతల మా చిన్నమామ కొట్టానికి తోలేసింది. మెట్ల నుంచి కొట్టం దాకా ఫినాయిల్‌తో కడిగించింది. గది గదికీ సాంబ్రాణి పొగ పట్టించింది. లాడ్ బజార్‌లో కొన్న అత్తరు సీసా ఒకటుండేది, పెళ్లిళ్లకు తప్ప మూత తీసేది కాదు. దాన్ని తెచ్చి బర్రెలను కట్టేసే గుంజలకు రాసింది. అప్పుడు పదేళ్లున్న మా అమ్మాయికి, "ఎవలన్న అడిగితె మనింట్ల బర్లు లెవ్వని చెప్పు," అని పాఠం నేర్పింది. ఇంత చేసినా నీ చీరంతా పాల వాసనే కదా అని నేనంటే, "వీడియోల వాసనెట్లొస్తది పిచ్చిదానా!" అంది. "మరి గీ అత్తరెందుకు అత్తమ్మా?" అని అడిగాను. ఆమె ఆ మాట వినబడనట్టే ఇంకో గుంజకు రాసింది.

నాలుగు కొట్టడానికి కాస్త ముందే ఫోన్‌లో ఆ పిల్ల తల్లి కనబడింది. తెల్లని గుడ్డ తల మీదుగా కప్పుకుని, కళ్లద్దాల మీది నుంచి చూస్తోంది. ఆవిడ అరబ్బీలో అడగడం, పిల్ల ఉర్దూలో మాకు చెప్పడం. తలుపుకు గొళ్లెం వేయించి చూసింది. నల్లా తిప్పించింది. కిటికీ ఊచలు పట్టుకుని లాగించింది. తర్వాత గబగబా ఏదో అంది. పిల్ల ముఖం వాడిపోయింది. ఇల్లు మరీ ఎవరూ లేనట్టు తుడిచిపెట్టి ఉంది, చప్పుడు లేదు, చీపురు లేదు, ఇది మనుషులు బతికే ఇల్లులా లేదు, వీళ్లేదో దాస్తున్నారు అందట. రేపే టికెట్ తీస్తానందట. అత్తమ్మ నోరు తెరిచేలోగా కింది నుంచి ఒక పెద్ద అరుపు వినిపించింది.

నాలుగంటే పాలు పిండే వేళ. ముప్పై ఏళ్లుగా ఆ వేళకు బకెట్ పట్టుకుని లేచే అత్తమ్మకు, బర్రెలకు కూడా అదే అలవాటుంటుందని తోచలేదు. పెద్ద బర్రె తాడు తెంపుకుని దారి వెతుక్కుంటూ వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. అదేం చప్పుడని ఫోన్‌లో తల్లి అడిగింది. "పక్కింటోళ్ల స్కూటర్ అని చెప్పు," అంది అత్తమ్మ ఏమాత్రం తడుముకోకుండా. ఈలోగా మిగతా మూడూ వచ్చి వంత అందుకున్నాయి. సందులో అంత పెద్ద స్కూటర్లు ఎవరికీ లేవు.

ఫోన్ కిందికి తిప్పమంది ఆవిడ. పిల్ల తిప్పింది. ముందు ఫోన్‌లోంచి నవ్వు, ఆ వెనకే ప్రశ్నలు. పూటకు ఎన్ని లీటర్లు, పెద్దదానికి ఇది ఎన్నో ఈత, కొమ్ములెందుకు అట్లా చుట్టుకుని ఉన్నాయి. అత్తమ్మ మెట్ల మీద చతికిలపడి, తవుడు దగ్గరి నుంచి పత్తి గింజల దాకా చేతులు తిప్పుతూ చెప్పుకొచ్చింది. మధ్యలో మాటలు అందక పిల్ల చేతులెత్తేసింది, వాళ్లిద్దరూ దాన్ని పట్టించుకోలేదు. "అమ్మమ్మ ఊళ్లో ఆవులుండేవని తెలుసు గానీ, మా అమ్మ పాలు పిండేదని నాకెప్పుడూ చెప్పలేదు," అంది పిల్ల నాతో, కొత్త మనిషిని చూసినట్టు ఫోన్ వైపు చూస్తూ. చివరికి ఆవిడ కూతురితో ఒక మాట అంది. పశువులున్న ఇంట్లో తెల్లారకముందే ఎవరో ఒకరు లేచి ఉంటారు, నీకు జ్వరమొచ్చి పిలిచినా పలుకుతారు, అక్కడే ఉండమంది.

చదువయ్యేదాకా ఆ పిల్ల మాతోనే ఉంది. వాళ్లమ్మ రోజూ నాలుగింటికి ఫోన్ చేసి ముందు పెద్ద బర్రె బాగోగులు, తర్వాత కూతురి బాగోగులు అడిగేది. ఇప్పుడు అత్తమ్మ లేదు. కొట్టం ఉన్న చోట మూడు బైకులు పెడుతున్నాం. అవి వేళకు అరవవు.

నిన్న మా అమ్మాయి జర్మనీలో ఒక ఇంటావిడతో వీడియోలో మాట్లాడుతుంటే నేను మధ్యలో దూరి, "పొద్దుగాల ఆ ఇంట్ల ముందు ఎవలు లేస్తరో అడుగు," అన్నాను. అమ్మాయి పళ్లు నూరుకుంటూనే అడిగింది. ఆవిడ నవ్వి, తాను రొట్టెలు కాల్చే దుకాణంలో పనిచేస్తానని, రోజూ నాలుగింటికే లేస్తానని చెప్పింది. మిగతా ఐదు గదులనూ నేను అప్పుడే మరిచిపోయాను. ఆ రోజు మెట్ల మీద నిలబడి, జ్వరమొస్తే పలికేవాళ్లుంటారన్న ఆ తల్లి మాటకు తెగ నవ్వుకున్నాను. అందులో ఎంత భయముందో నాకు తెలియడానికి పన్నెండేళ్లు పట్టింది, నా పిల్ల పెట్టె సర్దుకోవలసి వచ్చింది.