అమ్మ పోలికలన్నీ మా అన్నయ్యకే

నాకు లేదు. మా అమ్మ నుంచి వచ్చే ఆ జన్యు మార్పు నాకు రాలేదు. నాకు లేదంటే నా కూతురు సుధకు లేదు, నా ఇద్దరు మనవలకు లేదు.

నిన్న ఉదయం పదింటికి జెనెటిక్స్ క్లినిక్ వాళ్లు ఫోన్ చేసి చెప్పారు. డెబ్బై ఒక్క ఏళ్లవాణ్ని, చిన్నపిల్లాడిలా హాల్లోకి పరిగెత్తాను.

సుధ అప్పటికే ఇంకో ఫోన్‌లో ఉంది. ఏడుస్తోంది.

హాబ్సన్‌విల్‌లోని అన్నయ్య ఇంటి నుంచి.

అన్నయ్య పోయాడు.

చెప్పబోయిన మాట నోట్లోనే ఉండిపోయింది. నిజం రాస్తున్నాను, ఆ మాట ముందుగా ఆయనకే చెప్పాలనుకున్నాను. ఒక్కసారైనా గెలిచానని చెప్పాలనుకున్నాను.

జన్మంతా ఆయన్ని చూసి కుళ్లుకున్నవాణ్ని మరి.

అమ్మ ఉంగరాల జుట్టు ఆయనకు. అమ్మ గొంతు ఆయనకు. పెళ్లిళ్లలో "అచ్చం మీ అమ్మేరా" అని ఆయన బుగ్గలు పట్టుకునేవారు. పక్కన నన్ను చూసి, "వీడెవరి పోలికో" అనేవారు.

న్యూజిలాండ్ వచ్చాకా అంతే. నేను ఎనిమిదో క్లాసుతో ఆపేసి ప్రెస్సులో అక్షరాలు కూర్చినవాణ్ని. మేముండే న్యూ లిన్‌లో పాల ప్యాకెట్ కొనాలన్నా ఇంగ్లిష్ వెతుక్కుంటాను. ఆయనేమో పక్కింటి కివీ ముసలాయన చేత "బాగున్నారా" అనిపించాడు. మన ఫంక్షన్లలో ఆయన పద్యం ఎత్తుకుంటే ఆంటీలు తినడం ఆపేసేవారు. నేను వాళ్ల ప్లేట్లు తీస్తూ లోపల ఉడికిపోయేవాణ్ని.

కిందటేడు ఆయనకు కడుపులో కేన్సర్ అన్నారు. వంశంలో వచ్చే రకమేమో చూడాలని ఇద్దర్నీ పిలిచారు.

క్లినిక్‌లో ఒక అమ్మాయి కాగితం మీద మా కుటుంబాన్ని గీసింది. ఆడవాళ్లకు గుండ్రాలు, మగవాళ్లకు చదరాలు. చిన్నక్కను మా మేనమామకే ఇచ్చారని చెప్పగానే పెన్ను ఆపి, మళ్లీ అడిగింది. గీత తిరిగి అమ్మ పుట్టింట్లోకే వెళ్లింది. ఆ ఇంటి పిల్లలకు రెండు వైపుల నుంచీ రావచ్చట.

తర్వాత అమ్మ ఎలా పోయిందని అడిగింది.

"కడుపులో పుండు" అన్నాను.

మా ఇంట్లో ఎప్పుడూ చెప్పే మాట అదే. ముందు రోజే పెద్దక్క ఫోన్‌లో హెచ్చరించింది. "మనవరాలికి సంబంధాలు చూస్తున్నాం, నోరు జారకు" అని.

అన్నయ్య నావైపు కూడా చూడలేదు. కేన్సర్ అని ఇంగ్లిష్‌లో చెప్పేశాడు.

కార్ పార్క్‌లో గొడవపడ్డాను. "నీదేం పోయింది అన్నయ్యా, పిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయి."

"పెళ్లి చేసుకోవడానికి పిల్లలు బతికుండాలి కదరా" అన్నాడు. కారు తలుపు తీస్తూ, "అమ్మవన్నీ నాకే వచ్చాయని ఏడుస్తావుగా. ఇదీ నాకే వచ్చింది. సగం ఇవ్వనా?" అని నవ్వాడు.

ఆ స్థితిలో అలా నవ్వగలిగాడని కూడా కుళ్లుకున్నాను.

ఆ అమ్మాయి చెప్పింది నాకు ప్రెస్సు పనిలాగే అర్థమైంది. ఒంట్లో కణం రెండయినప్పుడల్లా రాతంతా కాపీ అవుతుందట. ఎక్కడో ఒక అక్షరం తప్పు పడుతుంది. ఎండ వల్ల, పొగ వల్ల, ఒక్కోసారి ఊరికే. చాలా తప్పులు ఏమీ చేయవు. కొన్ని ఆ మనిషితోనే పోతాయి. మా ఇంట్లోది మాత్రం కన్నవాళ్ల నుంచి బిడ్డలకు దిగుతుంది. ఒక్కో బిడ్డకు వచ్చేందుకు ఎంత అవకాశమో, రాకపోవడానికీ అంతే. ఎవరి పాపమూ కాదు, గ్రహణమూ కాదు. అన్నయ్య రక్తంలో ఆ తప్పు దొరికాక నా రక్తమూ తీసుకున్నారు.

నిన్న సాయంత్రం అన్నయ్య వాళ్లిల్లు జనంతో నిండిపోయింది. పక్కింటి ముసలాయన మెట్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను పోతే ఇంతమంది వస్తారా అనిపించింది. అప్పుడు కూడా.

అన్నయ్య కొడుకు కిరణ్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీ రిజల్ట్ వచ్చిందట కదా బాబాయ్."

"నాకు లేదురా."

"లక్కీ, బాబాయ్."

వాడికి ఉంది. పోయిన నెలే తెలిసింది. ముందే తెలిసింది కాబట్టి డాక్టర్లు చేయాల్సింది చేస్తున్నారు. ఈ సంగతి రాయమన్నదీ వాడే.

వాడు నన్ను చూసిన చూపు నాకు బాగా తెలుసు. అన్నయ్యను నేను అలాగే చూసేవాణ్ని. నన్ను ఒకరు అలా చూడటం అదే మొదటిసారి. ఇలా ఉంటుందని అనుకోలేదు. వాడి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అన్నయ్యా, వెళ్లిరా. ఇంక ఏ నొప్పీ లేకుండా హాయిగా ఉండు. చెప్పాల్సినవాళ్లకు నేను చెబుతాను.

చిన్నక్క పిల్లలు ముగ్గురు. అందరికంటే ముందు వీళ్లకు.

పెద్ద మావయ్య కొడుకులిద్దరు.

ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకుంటున్న పెద్దక్క మనవడు.

వాడి అక్క, పెళ్లి కాకముందే.

పెద్దక్క. పొద్దున ఫోన్ చేసి "అమ్మది కేన్సర్" అన్నాను. పెట్టేసింది. మళ్లీ చేస్తాను.