మావ కుర్చీకి వాలుదారి

నా పెళ్లయిన రెండో ఏడు మా మావ ఎడ్లబండి మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఇక నడవలేకపోయాడు. వడ్రంగి చేత చెక్క కుర్చీకి సైకిలు చక్రాలు బిగించాం. దాన్ని చేతులతో తిప్పుకుంటూ అరుగు మీదే తిరిగేవాడు. పెరట్లోకి దిగాలంటే మూడు మెట్లు. వాటిని తీసేసి వాలుగా దారి వేయాలనుకున్నాం. కిరండూల్ రైలు లైను కొత్తగా వేసిన రోజులవి. మా ఆయనకి కొత్తవలసలో రైల్వే ఉద్యోగం, ఆదివారాలే వచ్చేవాడు. "ఏదో ఒకటి నువ్వే సూసి ఏయించీ" అని వెళ్లిపోయాడు. నాకేమో అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు.

వాలు మొదలయ్యే చోటే చూరునీళ్లు పడతాయి. తాపీమేస్త్రి వచ్చి చూశాడు.

"సిమెంటు ఏసేద్దుమమ్మా, అద్దంలా ఉంటాది."

"మరి వాననీలు?"

"కిందకి పోతాయి."

కిందకి పోయి కుర్చీ దిగే చోటే మడుగు కడతాయని నాకు తోచింది. కానీ పనివాడతనికి తెలియదా అని, ఆలోచించి చెబుతానని పంపేశాను. పక్కింటి పెద్దమ్మ ఇసక పోయించమంది. ఇంకెవరో కొండకంకర అన్నారు. చివరికి పెరట్లో ఇసక, కంకర, రాతిపలకలు, సందులు వదిలి పేర్చిన ఇటుకలు, తలా కాస్త పరిచి, ఒక్కోదాని మీద బిందెడు నీళ్లు పోసి, పాత సైకిలు చక్రం దొర్లించి చూశాను. ఇసక నీళ్లను ఇట్టే తాగేసింది, చక్రం అందులోనే కూరుకుపోయింది. కంకరలోనూ అంతే. రాతి మీద చక్రం బాగానే నడిచింది, నీళ్లు నిలిచాయి. ఇటుకల మీద రెండూ పరవాలేదనిపించింది. అలా అనిపించేసరికి ఇంకా అనుమానం పట్టుకుంది.

ఇలా చూసిన మూడు రోజులూ మావ అరుగు మీంచి చూస్తూనే ఉన్నాడు. ఆయన్నే అడగలేదని అప్పుడు తట్టింది.

"మావా, ఏది ఏయించమంటావు?"

"ఇన్నాలకి అడిగినావేటే అమ్మీ? నాకు దిగాలనే లేదు. ఇక్కడే బాగున్నాది."

అది కోపమో, సిగ్గో, నిజమో అర్థం కాలేదు. దిగనంటున్న మనిషికి దారెందుకు? ఆదివారం మా ఆయన్నడిగితే, "అయ్య మాటకేటి, ఏయించీ" అన్నాడు. ఇటుకలే వేయించాను. కింద ఇసక పోసి, ఇటుకలు నిలువుగా పేర్చి, వేలి మందం సందులు వదలమన్నాను. మేస్త్రి గొణుక్కుంటూనే పని ముగించాడు.

మొదటి వానకి చూరునీళ్లు ఆ సందుల్లోంచి ఇంకిపోయాయి. మావ అటువైపు తల కూడా తిప్పలేదు.

వారం తర్వాత బావి నుంచి వచ్చేసరికి అరుగు మీద కుర్చీ లేదు. బిందె దించేసి వెతికాను. చూస్తే పెరటి పశువుల శాలలో, ఎద్దు గంగడోలు నిమురుతూ ఉన్నాడు.

"ఎప్పుడు దిగినావు మావా?"

"నీకేటి పని? పైకి తొయ్యి."

తోస్తుంటే ప్రతి సందు దగ్గరా కుర్చీ టక్కుమంటోంది. ఆయన పళ్లు బిగపట్టాడు.

"నొప్పేస్తందా?"

"నడు."

మర్నాడూ దిగాడు, ఆ మర్నాడూ దిగాడు. రాతిపలకలు వేయించి ఉంటే ఆ కుదుపు ఉండేది కాదేమో అనుకుంటూ రోజూ పైకి తోసేదాన్ని. నీళ్లు నిలిచి చక్రం జారేదేమో అని కూడా అనిపించేది. వానలు వెళ్లేసరికి సందుల్లో గడ్డి మొలిచింది. పీకనా అని అడిగితే ఒకరోజు "ఉండనీ" అన్నాడు, ఇంకోరోజు "ఇంకా పీకనేదేటి?" అని కసిరాడు. ఏం చేయాలో తెలియక పైభాగంలో పీకి, కింద వదిలేశాను.