నీటికుక్కలకు నా తిట్లు

మేముండేది మన్సూరాబాద్. పక్కనే ఉన్న ఎల్బీనగర్ నుంచి గంట ప్రయాణం చేస్తే మావారి ఊరు, అక్కడ మా చేపల గుంట. పోయిన ఎండాకాలం నీటికుక్కలు గుంపుగా వచ్చి చేపలన్నీ తినేయసాగాయి. చంపితే కేసవుతుంది, చప్పుడు చేసి తరమమన్నారట ఎవరో. ఆయన దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి, టమాట బండ్లవాళ్లు పెట్టుకునే మైకు కొన్నారు.

ఒక ఆదివారం టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లాను. గట్టెక్కేసరికి మైకులో నా గొంతే మోగిపోతోంది.

"తిన్న పళ్లెం తియ్యనీకి ఏం రోగం? జర సిగ్గుండాలె! నేనేమన్న పనిమనిషినా?"

పక్క గుంటల రైతులు నన్ను చూసి, తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"ఏందిది?" అని ఆయన మీద పడ్డాను.

"మొన్న నన్ను తిడుతుంటే ఫోన్ల రికార్డ్ చేసిన. నేనెంత అరిచినా కదలని నీటికుక్కలు, నీ గొంతుకు రెండు రోజులు ఇటు దిక్కు రాలే తెల్సా!" అన్నారు గర్వంగా.

"మరి గవేంది?"

మైకు పక్కనే రెండు నీటికుక్కలు కూర్చుని, నా తిట్లు వింటూ తాపీగా చేప నములుతున్నాయి. అచ్చం కంచం ముందు ఈయనలాగే!

చివరికి గుంట చుట్టూ వల కంచె కట్టాకే వాటి పీడ విరగడైంది. నాకు మాత్రం ఇప్పటికీ, నోరు విప్పే ముందు ఆయన ఫోన్ ఎక్కడుందో చూసుకోవాల్సి వస్తోంది.