బావగారి బండి వెనక నిచ్చెన

మా బావగారు పోయారని నది పక్కనున్న అహ్లోన్ పేట నుంచి అక్క ఫోన్ చేసేసరికి నేను బియ్యం కడుగుతున్నాను. "టీ తాగినాడు, కప్పు కింద ఎట్టినాడు, అలాగే ఒరిగిపోనాడే," అంది. ఏడవలేదు. "మొన్ననే బండికి కొత్త టైర్లు ఏయించినాడు. ఎల్దాం ఎల్దాం అని ఒకటే గోల," అంది. అప్పుడు ఏడ్చింది.

బావగారంటే మా ఆయనకు అన్నగారు. అక్క ఆయన భార్య, నా తోడికోడలు. బర్మాలో, మా యాంగోన్‌లో సిటీ బస్సును లైన్ కారు అంటాం. బావగారు బతుకంతా ఆ లైన్ కారే నడిపారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటారనుకున్నాం. ఆయన మాత్రం జపాను నుంచి వచ్చిన పాత వ్యాను ఒకటి కొని, సీట్లు పీకేసి, దాన్ని ఇల్లుగా మార్చేశారు. మడత మంచం, గ్యాసు పొయ్యి, కిటికీలకు అక్క పాత చీరల తెరలు. మమ్మల్ని చూడ్డానికి పిలిచిన రోజు ఆయన మొహం చూడాలి! ప్రతి అరా తెరిచి, మూసి, మేం సరిగ్గా చూడలేదేమోనని మళ్ళీ తెరిచారు.

"అన్నీ సూసినావు గానీ అసలుది సూడ్లేదమ్మా," అంటూ నన్ను బండి వెనక్కి తీసుకెళ్ళారు. పైకప్పు మీదికి ఇనప నిచ్చెన! "పైన సాప ఏసుకుని కూకుంటే పొలాలు, కాలవలు, పగోడాలు అన్నీ అవుపడతాయి. మారాజులం మనం!"

నాకు సంబరంతో పాటు గుబులూ వేసింది. మెట్లన్నీ నున్నటి గొట్టాలు, తడిస్తే పాదం నిలవదు. అడుగు మెట్టు నా మోకాలికంటే ఎత్తులో ఉంది. పట్టుకుని ఊపితే పైన బిగించినచోట కిర్రుమంది. ఒక్కొక్కటే చెప్పాను.

"ఇనస్పెట్రమ్మ ఒచ్చిందిరా," అని మా ఆయన వైపు చూసి నవ్వారు. "లైన్ కారుకి ఏలాడే జనాన్ని రోజూ సూసినోన్ని. ఇదేటి లెక్క?"

"ఆలు ఎప్పుడూ పడ్లేదేటి?" అంది అక్క.

ఆయన భుజం మీది గుడ్డ తీసి మెట్టు తుడిచారు.

మొదటి ప్రయాణం నది అవతలున్న ట్వంటే ఊరికి. నలుగురమూ చిన్నపిల్లలమైపోయాం. దారి పొడుగునా పాటలు, వేయించిన శనగలు. కుండలు చేసే పల్లెలో ఆగి అక్క ఒక కుండ కొంది. పైన తనే కట్టుకుంటానని కుండను సంచిలో వేసి భుజానికి తగిలించుకుని నిచ్చెన ఎక్కసాగింది. మా ఆయన మంచినీళ్ళ కోసం వెళ్ళారు. బావగారు స్టీరింగు ముందు కూర్చుని ఇంజను ఆన్ చేసుకుని మమ్మల్ని తొందరపెడుతున్నారు. సగం ఎక్కేసరికి సంచి ఊగి బండి రేకుకు తగిలింది. టక్, టక్.

లైన్ కార్లలో కండక్టరు రేకు మీద రెండు దెబ్బలు కొడితే పొమ్మని, ఒకటి కొడితే ఆపమని అర్థం. బావగారి చెవికీ కాలికీ మధ్య ఇక ఆలోచన లేదు. బండి కదిలిపోయింది.

అక్కది ఒక పాదం మెట్టు మీద, ఇంకొకటి గాల్లో. నా అరుపులు ఇంజను రొదలో కలిసిపోయాయి. పరిగెత్తి రేకు మీద అరచేత్తో ఒక్కటి చరిచాను. బండి ఆగింది!

అక్క దిగి, ముందు కుండ చూసుకుంది. పగల్లేదు. తర్వాత మొగుడి మీద పడింది. ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"నిన్ను సంపేసుందునే. ఇంటికెల్లగానే ఈ నిచ్చెన కోయించేత్తాను," అన్నారు.

"కోయించీ! బండిని తోలింది నిచ్చెనేటి, నీ కాలు గాదేటి? దాన్ని కోయించుకో!" భాష తెలియకపోయినా కుండలవాళ్ళంతా నవ్వారు. అక్క నవ్వలేదు. "ఇన్నేల్లూ నీ బండిలో ఊరంతా తిరిగింది. నాను పొయ్యికాడే ఉండిపోనాను. ఇప్పుడు పైకెక్కి సూత్తానంటే దించేత్తావేటి?"

బయల్దేరే ముందు ఆయన బండి వెనక్కి వెళ్ళి నిచ్చెన పట్టుకుని ఊపి చూశారు.

కొన్నాళ్ళకు కబురొచ్చింది: "ఇనస్పెట్రమ్మని రమ్మను." వెళ్ళి చూద్దును కదా, గొట్టాల మీద గరుకు పలకలు, కింద ఇంకో మెట్టు, పైన కొత్త బోల్టులు. పట్టుకుని ఊపాను, కిక్కురుమనలేదు. అప్పుడాయన ఇంజను తాళంచెవి తీసి అక్క చేతిలో పెట్టారు.

"ఎక్కే మనిసి సేతిలోనే తాలం. కిందున్నోన్ని నమ్మకండి. నన్ను అసలే నమ్మకండి."

అది మా ఇంటి కట్టుబాటైంది. ఇప్పటికీ దాన్ని తప్పం. ఒకసారి సముద్రపు ఒడ్డున ఒక బర్మా కుటుంబం మా బండి మీద ఫోటో దిగుతామని అడిగితే, ఆయన ఇదే మాట బర్మా భాషలో చెప్పి వాళ్ళ మామ్మ చేతికి తాళంచెవి ఇచ్చారు. ఆవిడ దాన్ని గుప్పిట్లో బిగించుకునే ఫోటో దిగింది. ఆ పూట ఆయన మమ్మల్నీ పైకి తీసుకెళ్ళారు. నా జన్మలో సముద్రం అంత పెద్దగా ఎప్పుడూ కనబడలేదు. "సెప్పినానా, మారాజులమని!" అని పక్కన కూర్చున్న అక్కను మోచేత్తో పొడిచారు.

ఆయన కర్మకాండలు ముగిసిన రోజు, బంధువొకాయన మంచిమాటే అనుకుని అన్నారు: "ఇంకా ఈ బండెందుకమ్మా? అమ్మీండి. పోనీ నిచ్చెనైనా తీయించీండి. ఈ వయసులో కాలు జారితే ఎవులు సూత్తారు?"

అక్క లేచి, బండి తాళంచెవి కొంగున ముడేసి, చీర బిగించుకుని బయటికి నడిచింది. బండి నది పక్క రోడ్డులో ఉంది. మేం వెనకాల పరిగెత్తాం. ఒక్కో మెట్టూ కాలితో నొక్కి చూసుకుంటూ ఎక్కేసింది. పైన నిలబడి, నది వైపు తిరిగి, చాలా రోజుల తర్వాత గొంతెత్తి అరిచింది.

"ఒలే, కింద నిలబడి ఏటి సూత్తన్నావు? రా! ఏటవతల దలా నుంచి పడవ ఒత్తంది, నిండా జనం!"

నేనూ పైకెక్కాను. ఎండకు రేకు కాళ్ళ కింద వెచ్చగా ఉంది. బండి నెత్తిన నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళను చూసి పడవలో ఎవరో చెయ్యి ఊపారు. ఆ పక్కన ఇంకొకరు. అక్క రెండు చేతులూ ఎత్తి ఊపుతుంటే, చూస్తుండగానే పడవంతా చేతులైపోయింది.